మీ ట్యాగులు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

నమస్కారం. పక్షులకు, జంతువులకు కట్టి వాటి కదలికలు రికార్డు చేసే ట్యాగులు మేం తయారుచేస్తాం. ఆగస్టు చివరికల్లా పంపిస్తానన్న నలభై ఇంకా చర్లపల్లిలో మా బల్ల మీదే ఉన్నాయి. ఫోన్ చేసినవాళ్లకు తలా ఒక ముక్క చెప్పాను, అది సరికాదు. జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

వేసవిలో ఇచ్చిన వాటిలో మూడు ట్యాగులు జూలైలో తిరిగొచ్చాయి. విప్పి చూస్తే బ్యాటరీ దగ్గర పచ్చగా చిలుము. వైరు బయటికొచ్చే చోట ఎపాక్సీలో, అంటే నీళ్లు దిగకుండా పైన పోసే గట్టిపడే జిగురులో, వెంట్రుకంత సందు ఉండిపోయింది, అందులోంచి వాననీళ్లు దిగాయి. రికార్డయిందంతా పోయింది. తెల్లవారకముందే వల కట్టి పక్షిని పట్టి, వారాల తర్వాత మళ్లీ అదే పక్షిని వెతికి పట్టుకున్నవాళ్ల కష్టం అది. తప్పు పూర్తిగా మాది.

ఆ భయంతో ఈసారి ఎపాక్సీ మందంగా పోశాం. రెండు రోజులు బకెట్లో ముంచినా చుక్క దిగలేదు. తీరా తూకం వేస్తే 3.9 గ్రాములుండాల్సింది 4.6 చూపించింది. మీలో చాలామంది కట్టేది 130 గ్రాముల పక్షులకు. పక్షి బరువులో 3 శాతం దాటకూడదన్న లెక్కన 3.9 దగ్గరే ఆగాలి. 5 శాతం వరకు ఫర్వాలేదనేవాళ్లూ ఉన్నారు, ఆ లెక్కన పంపేయొచ్చు. నాకు మనసొప్పలేదు. బరువు ఎక్కువైతే పక్షి ఎగిరే తీరే మారిపోతుంది, మీ రికార్డులో మిగిలేది మా ట్యాగు మోయడానికి అది పడ్డ అవస్థ.

2016లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు కామన్ స్విఫ్ట్ అనే చిన్న పిట్టల్లో కొన్ని పది నెలల పాటు ఎక్కడా వాలకుండా ఎగిరాయని తేల్చారు. అది తెలిసింది గ్రాము చుట్టుపక్కల తూగే పరికరాలతో. ఆ పిట్టే నలభై గ్రాములుంటుంది.

మందం ట్యాగునొకదాన్ని పాతబస్తీలో పావురాలు పెంచే ఒక పెద్దాయన మిద్దె మీద పరీక్షించాం. మూడొందల యాభై గ్రాముల పావురానికి అది బరువు కాదు. ట్యాగు మూడు దిక్కుల్లో కుదుపులను కొలుస్తుంది, స్క్రీన్ మీద దిక్కుకో గీత. బల్ల మీద కదలకుండా ఉంచినప్పుడు ఆ మూడు గీతల్లో ఒకటి 1 దగ్గర నిలబడుతుంది, అది భూమ్యాకర్షణ. పక్కకు వంచితే అది దిగి ఇంకోటి లేస్తుంది. పక్షి ఎలా నిలబడిందో, ఎటు వంగిందో దాన్నుంచే తెలుస్తుంది. పావురం గింజలు ఏరుతుంటే చిన్న చిన్న కుదుపులు కనిపించాయి. ఎగరగానే గీత రంపం పళ్లలా లేచింది, రెక్కలు చాచి తేలినప్పుడు నున్నగా సాగింది. పెద్దాయన స్క్రీన్ చూసి, "ఇదిగో, ఇక్కడ దిగింది" అని వేలుపెట్టి చూపించారు. సరిగ్గా అక్కడే దిగింది.

ఇప్పుడు ఒకేసారి పోయకుండా రెండు పలచటి పూతలు వేస్తున్నాం, వైరు మూల దగ్గర మాత్రం మూడోది. మొదటి ఆరూ 3.8 దగ్గర తూగాయి, నీటి పరీక్ష కూడా దాటాయి. మిగతావి దసరా లోపు పంపిస్తాను. అప్పటిదాకా ఆగలేనివాళ్లు చెప్పండి, డబ్బు మొత్తం వెనక్కిస్తాను. నెమళ్లు, నక్కల మీద పనిచేసేవాళ్లకు మందం ట్యాగులు ఇప్పుడే ఇవ్వగలను, అటవీ శాఖ అనుమతి కాపీ మాత్రం ముందు పంపండి.

సిద్ధమైన ఆరింటిలో మూడు, జూలైలో నష్టపోయినవాళ్లకు రేపే పంపుతున్నాను.