టికెట్ పన్ను వసూలైంది, జీతం ఆగింది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో బడ్జెట్ కుదరక 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. విమాన టికెట్ల మీద పన్ను మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఆ పన్నుతో నడవాల్సిన, ఆకాశంలో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ల జీతాలు ఆగాయి.

అక్కడ మూల ధర 200 డాలర్లున్న దేశీయ టికెట్ కొంటే 7.5 శాతం పన్ను 15 డాలర్లు, దానికి తోడు ఎక్కే ప్రతి విమానానికి సెగ్మెంట్ రుసుము (2025లో 5.20 డాలర్లు). రెండూ 1970లో పెట్టిన ప్రత్యేక విమానయాన నిధికి చేరతాయి. గగనతలాన్ని చూసుకునే ఎఫ్‌ఏఏ ఖర్చులో ఎక్కువ భాగం ఈ నిధిదే. డబ్బు ఉన్నా, అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ కేటాయింపు బిల్లు పాస్ చేయనిదే అందులోంచి జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. ప్రాణరక్షణ పని కాబట్టి కంట్రోలర్లు డ్యూటీ మానడానికీ లేదు. బకాయి తర్వాత ఇచ్చి తీరాలని 2019లో చట్టం చేశారు, నిజమే. ఇంటి అద్దె, కారు వాయిదా అప్పటిదాకా ఆగవు కదా!

దాదాపు 13 వేల మంది కంట్రోలర్లకు అక్టోబరు 28న అందాల్సిన జీతం అందలేదు. అసలే సిబ్బంది కొరత. చాలాచోట్ల వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటల పని. షిఫ్టులో ఇద్దరు ముగ్గురు రాకపోతే రెండు సెక్టార్లు, అంటే గగనతలంలో రెండు భాగాలు, కలిపి ఒకరికే అప్పగిస్తారు. ఒక మనిషి చూడగలిగే విమానాలకు హద్దుంటుంది కాబట్టి వాటి మధ్య ఎడం పెంచుతారు. పది మైళ్ల ఎడం ఇరవై చేస్తే ఆ దారిలో గంటకు వెళ్లే విమానాలు సగమైపోతాయి. మిగతావి బయల్దేరాల్సిన ఊళ్లోనే నిలిచిపోతాయి. 2019 జనవరి 25న వాషింగ్టన్, జాక్సన్‌విల్ విమాన నియంత్రణ కేంద్రాల్లో సిబ్బంది తగ్గి న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయానికి వచ్చే విమానాలు కాసేపు ఆగాయి. అప్పటి 35 రోజుల ప్రభుత్వ మూత ఆ రోజే ముగిసింది. 2025 నవంబరు 7 నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో ముందు 4, తర్వాత 6 శాతం సర్వీసులు తగ్గించమన్నారు.

మన ఊళ్లనుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు చిక్కుకునేది షికాగోలోనో డల్లాస్‌లోనో దిగాక ఎక్కే రెండో విమానం దగ్గర. ఆ టికెట్ విడిగా కొనకుండా మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. విమానం రద్దయి ప్రయాణం మానుకుంటే నాన్ రిఫండబుల్ టికెట్‌కైనా డబ్బు వెనక్కి ఇవ్వాలి.

కేటాయింపు ఆగిన రోజు నుంచి పాత ఏడాది స్థాయిలోనే ఈ నిధిలోంచి జీతాలు ఇచ్చేలా చట్టం కావాలి. 2019 నుంచీ అలాంటి బిల్లులు వస్తూనే ఉన్నాయి. 2025లోనూ ఏదీ చట్టం కాలేదు. విమానాశ్రయాల్లో ఇబ్బంది లేకపోతే నాయకులు మూతను ఇంకా సాగదీస్తారని కొందరి వాదన. నేనొప్పుకోను. రాడార్ ముందు కూర్చున్న మనిషి ఏకాగ్రతను బేరానికి పెట్టడం తప్పు. కెనడాలో 1996 నుంచి విమానాల నియంత్రణ చూస్తున్న నావ్ కెనడా విమాన సంస్థల రుసుములతోనే నడుస్తోంది. మన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కూడా విమాన సంస్థల దగ్గర నావిగేషన్ ఛార్జీలు వసూలు చేస్తుంది.

ఒక్క ఎఫ్‌ఏఏకి ఏర్పాటు చేస్తే చాలదు. ప్రయాణికుల తనిఖీ సిబ్బంది దాదాపు 50 వేల మంది రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ కింద, వేరే శాఖలో ఉన్నారు. వాళ్ల పేరుతో ఒక్కోవైపు ప్రయాణానికి 5.60 డాలర్ల భద్రతా రుసుము వసూలవుతోంది. 2013 నాటి చట్టం అందులో కొంత ప్రభుత్వ బడ్జెట్ లోటు తగ్గించడానికి మళ్లించింది. ఆ మళ్లింపు ఆపి, మొత్తం రుసుమును వాళ్ల జీతాలకే కట్టిపెట్టాలి. లేదంటే టవర్‌లో మనిషి ఉన్నా, స్కానర్ దగ్గర క్యూ కదలదు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్