మీ టేకు చెట్ల సంగతి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తప్పు నాదే. "క్లోన్ టేకు అన్నీ ఒకేలా పెరగాలి కదా, మా గట్టు మీద ఒకటి లావుగా, ఒకటి పుల్లలా ఉందేమిటి? నర్సరీవాడు ముంచాడా?" అన్నావు. అప్పుడే అతని మీద పడకు.

నిన్న టేపు పట్టుకుని మా చెట్లను కొలిచాను. నేలకు 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయాలి, అడవి శాఖవారి పద్ధతి అదే. "చెట్లకు చొక్కాలు కుట్టిస్తారా?" అంది మా ఆవిడ. బోరు పక్క చెట్టు లావులో, మొరం నేలలోని చెట్టు సగమే ఉంది. రెండూ ఒకే క్లోన్, అంటే విత్తనంతో కాక ఒకే తల్లి చెట్టు ముక్కల నుంచి పెంచినవి. అంటే పుట్టుకలో తేడా లేదు, తేడా నేలదీ నీటిదీ.

వేరు వేరు క్లోన్లు కలిపి నాటితే మాత్రం కథ మారుతుంది. అప్పుడు ఏది నేల చలవ, ఏది వంశం? అందుకే పరిశోధకులు ప్రతి క్లోన్‌నూ ఒకే చోట కాక, పొలమంతటా మడులు చేసి అన్ని మడుల్లోనూ నాటుతారు. ఒకే క్లోన్ చెట్ల మధ్య తేడా నేలది. ఆ లెక్క పోగా, ఒక క్లోన్ సగటు మరోదానికన్నా మించితే అది వంశానిది. అడవిలో ఏపుగా ఉందని ఎంచుకున్న తల్లి చెట్టు వాగు ఒడ్డున ఉండి బలిసిందేమో, ఎవరు చూశారు! దాని పిల్లలను మొరంలో పెట్టి చూస్తేనే బండారం బయటపడుతుంది.

లావు ఒక్కటే చూడకు, పూత కూడా చూడు. టేకులో మొదటి పూగుత్తి మాను కొసనే వస్తుంది. అక్కడితో నిలువు ఎదుగుదల ఆగి పంగ పడుతుంది. తొందరపడి పూసే క్లోన్‌కు పొడవాటి దూలం రాదు. నాకైతే లావుకన్నా ఆలస్యంగా పూసేదే ముద్దు.

ఖమ్మం వైపు జామాయిల్ క్లోన్లయితే నాలుగైదేళ్లకే నరికి తూకం చూసుకుంటారు. టేకుకు అంత తొందర పనికిరాదు, చేవ పట్టాలంటే దశాబ్దాలు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు టేకుకు టిష్యూ కల్చర్ (చెట్టు ముక్క నుంచి గాజు సీసాల్లో మొక్కలు పెంచడం) చేసి చూపింది 1980లోనే. తరువాత పదేళ్లకు టేకు తోటల్లో వాటాలు, "యూనిట్లు" అమ్ముతామంటూ ఊరూరా డబ్బు పోగేసినవారిని నమ్మి మా మామయ్య పొలం కాగితాలు తాకట్టు పెట్టాడు. ఆ కథ కలిసినప్పుడు చెబుతాను.

ఆదివారం వస్తున్నాను. ఈలోపు ఏ చెట్టు ఎక్కడుందో కాగితం మీద గీసి ఉంచు. రసీదు మీద క్లోన్ నంబర్లు ఉన్నాయేమో వెతుకు. వదినను పెసరట్టుకు పెసలు నానబెట్టమను.

నీ
సుబ్బు