సర్టిఫికెట్లు చాలు సార్, పని ఇప్పించండి

విద్య, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

నమస్కారం. తిరుపతి దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మూడో ఏడాది చదువుతున్నాను. ఈ రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి మీకే రాస్తున్నాను.

వేసవి వస్తే మా క్లాసులో ఇంటర్న్‌షిప్ టెన్షన్ మొదలవుతుంది. నేర్చుకునే పని గురించి కాదు, కాగితం గురించి. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే వీడియోలు ఇస్తారు. చూసినా చూడకపోయినా చివర్లో సర్టిఫికెట్ వస్తుంది, మార్కులు పడతాయి. ఆ డబ్బు కట్టేది మా అమ్మానాన్నలు.

నిజమైన పని లేక కాదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం 2005 నుంచి నడుస్తోంది. ఎంపికైతే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి మెరుగుపరచగలిగే సాఫ్ట్‌వేర్‌లో, దారి చూపే మెంటార్ దగ్గర పని చేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. అయితే మార్చిలో దరఖాస్తు పెట్టేవాళ్లు అంతకు ముందు నుంచే ఆ ప్రాజెక్టులో చిన్న చిన్న బగ్గులు (కోడ్‌లోని తప్పులు) సరిచేస్తూ అక్కడివాళ్లకు తెలిసి ఉంటే మంచిది. మాకు ఆ సంగతి తెలిసేదే మార్చిలో, అదీ ఏ సీనియర్ వాట్సాప్ స్టేటస్‌లోనో! కాలేజీ విద్యార్థులకు జరిగే అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీ సంగతీ అంతే. టీమ్‌కు ముగ్గురు, ఒకే కంప్యూటర్, ఐదు గంటలు. ముగ్గురూ కలిసి కూర్చుని సాధన చేయాలి. కాలేజీ తరఫున కోచ్‌గా ఒకరు ముందుకు రావాలి. మాకేమో సాయంత్రం కాలేజీ బస్సు కదిలేసరికి ల్యాబ్‌కు తాళం పడుతుంది. పుత్తూరు నుంచో పాకాల నుంచో వచ్చేవాళ్లు ఆ బస్సు వదులుకుని ఎలా ఉంటారు? ఆడపిల్లలైతే ఇంట్లో అసలు ఒప్పుకోరు.

ఇక మా ఊళ్ల చుట్టూ ఏముందో చూడండి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి రాడార్ డేటాను విశ్లేషించాలంటే ప్రోగ్రాములే కదా కావాలి. 2015లో ఐఐటీ, ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) రెండూ తిరుపతికి వచ్చాయి. అవి కేంద్ర సంస్థలని తెలుసు. కానీ చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు వేసవిలో కొన్ని సీట్లు ఇవ్వమని మీరు లేఖ రాస్తే ఆ మాట బరువే వేరు.

నిధులు ఎక్కువ అక్కర్లేని పని ఒకటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఆమోదం పొందిన కోడ్‌ను ఇంటర్న్‌షిప్‌గా లెక్కించమని యూనివర్సిటీలకు చెప్పండి. ఎవరు ఏ తేదీన ఏం రాశారో, ఎవరు సరిచూశారో అక్కడే అందరికీ కనిపిస్తుంది. దొంగ సర్టిఫికెట్‌కు ఆ సౌకర్యం లేదు.

ల్యాబ్‌లు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచి, ఆ తర్వాత ఒక బస్సు ట్రిప్పు వేయించగలిగితే మరీ మంచిది. అన్ని కాలేజీల్లో ఒకేసారి కుదరకపోతే ముందు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మొదలుపెట్టండి. వచ్చే వేసవి దరఖాస్తులకు అందాలంటే ఆ ఉత్తర్వు ఈ డిసెంబరులోపే రావాలి.

ఇట్లు,
ఒక సీఎస్ఈ విద్యార్థిని,
చంద్రగిరి