ఇంగ్లీషు పీరియడులో కథను కథగా చదవనివ్వండి

సంపాదకులకు,

వేసవి సెలవులు ముగిసి బడులు తెరుచుకోబోతున్నాయి. పుస్తకాలు, బ్యాగులు, యూనిఫారాలు పిల్లలకు అందాయా లేదా అన్న వార్తలు ఈ రోజుల్లో జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి, అవి రావలసినవే. అయితే అందిన ఇంగ్లీషు పుస్తకంలోని కథలను మన పిల్లలు కథలుగా చదువుతున్నారా అని ఎవరూ అడగడం లేదు. కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం ఇంగ్లీషు బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిగా, ముఖ్యంగా తొమ్మిది, పది తరగతుల పిల్లల తరఫున ఆ ప్రశ్న నేను అడగదలచుకున్నాను.

పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో మొదటి పాఠం ‘ఎ లెటర్ టు గాడ్’. మెక్సికో రచయిత రాసిన కథ అది. వాన కోసం కళ్లు కాయలు కాచేలా చూసిన లెంచో అనే రైతు, ఆ వానే వడగళ్లుగా మారి చేను మొత్తం తుడిచిపెట్టేయడంతో, మళ్లీ విత్తుకోవడానికి, పంట చేతికొచ్చేదాకా ఇల్లు గడవడానికి 100 పెసోలు పంపమని ఏకంగా దేవుడికే ఉత్తరం రాస్తాడు. అది చూసి ముందు నవ్విన పోస్టుమాస్టరు, ఆ మనిషి నమ్మకం చెడకూడదని తన జీతంలోంచి కొంత తీసి, తోటి ఉద్యోగులను, స్నేహితులను అడిగి ఎలాగో 70 పెసోలు పోగుచేసి కవరులో పెట్టి అందేలా చేస్తాడు. లెంచో డబ్బు లెక్కపెట్టుకుని, దేవుడి లెక్క తప్పదు గనుక మిగతాది పోస్టాఫీసు వాళ్లే నొక్కేశారని తేల్చి, ఈసారి టపాలో పంపవద్దు, ఇక్కడివాళ్లు దొంగలని మరో ఉత్తరం రాస్తాడు.

కోసి పడుకోబెట్టిన వరి పనల మీద అల్పపీడనం వాన పడితే ఇంట్లో అన్నం ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో తాతల నోట వింటూ పెరిగినవాళ్లు వీళ్లు. ఇంత దగ్గరి కథను మనం తరగతిలో ఏం చేస్తున్నాం? మొదటి వాక్యం చదివి అర్థం చెప్పి, కఠిన పదాలు నల్లబల్ల మీద రాయించి, రెండో వాక్యానికి వెళ్లి, ఇలా మూడు నాలుగు రోజులు లాగి, చివరికి గైడులోని జవాబుల పక్కన పెన్సిలుతో ‘ఇంపార్టెంట్’ అని గుర్తులు పెట్టిస్తున్నాం. ఈ కథలోని వ్యంగ్యం ఏమిటన్న ప్రశ్నకు అయిదు పంక్తుల జవాబును పొల్లు పోకుండా అప్పజెప్పే పిల్లల్లో, ఆ వ్యంగ్యానికి ఒక్కసారి కూడా నవ్వనివాళ్లే ఎక్కువ.

సాయంత్రాలు మా వీధి పిల్లలు కొందరు పుస్తకాలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తుంటారు. ఈ కథను ఎక్కడా ఆపకుండా, వాక్యం వాక్యానికీ అర్థం చెప్పకుండా, పోస్టుమాస్టరు గొంతు ఒకలా లెంచో గొంతు ఒకలా మార్చి చదివి వినిపించాను. అర్థం కానిచోట మధ్యమధ్య తెలుగులో ఒక మాట అందించాను, అంతే. చివరి ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి ఒక కౌలు రైతు కొడుకు ఫక్కున నవ్వి, వెంటనే ముఖం గంభీరంగా పెట్టి, “అయితే ఆ డబ్బు పోస్టుమాస్టరు గారిదని ఆయనకి ఎప్పటికీ తెలీదా మాస్టారూ?” అని అడిగాడు. తెలియకపోవడమే మంచిదని ఒక అమ్మాయి, చెప్పకపోతే సాయం చేసినవాళ్లకు దొంగలన్న పేరు మిగిలిపోతుంది కదా అని ఇంకొకడు వాదించుకున్నారు. వాదన తెలుగులోనే సాగింది గానీ, తమ మాట నెగ్గించుకోవడానికి ప్రతి ఒక్కరూ ఇంగ్లీషు పుటలోకే తొంగిచూసి, ఇదిగో ఇక్కడ ఇలా ఉంది అని వేలు పెట్టి చూపించారు. సాహిత్య పాఠం అంటే నా దృష్టిలో అదే.

ఉపవాచకంలో ‘ది నెక్లెస్’ ఉంది. విందు కోసం స్నేహితురాలి హారం అరువు తెచ్చుకుని పోగొట్టుకున్న ఇల్లాలు, దాని బదులు కొత్తది కొనిచ్చిన అప్పు తీర్చడానికి పదేళ్లు చాకిరీ చేశాక, అసలు హారం గిల్టుదని కథ చివరి మాటల్లో తెలుస్తుంది. పెళ్లిళ్లకు నగలు అరువు తెచ్చుకునే అలవాటు ఇంకా పూర్తిగా పోని మన ఊళ్లలో ఆ ముగింపు వింటే పిల్లలు అవాక్కవుతారు. మన గైడులు మాత్రం పాఠానికి ముందే పెట్టిన సారాంశంలో హారం గిల్టుదని చెప్పేస్తాయి. (సినిమా చూడబోతున్నవాడికి కథ చెప్పేస్తే తగవులైపోతాయి, ఇక్కడ మాత్రం దానికి డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.)

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. ఉన్న ఇంగ్లీషు పీరియడ్లలో వారానికి ఒక్కటి కథలు చదువుకోవడానికే వదిలేయాలి. ఆ పీరియడులో ఉపాధ్యాయుడు ఒక కథను మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాలి, లేదా పిల్లలు తమకు నచ్చిన పుస్తకం తీసుకుని ఎవరి పాటికి వారు చదువుకోవాలి. దాని మీద స్లిప్ టెస్టు, గ్రేడు ఏదీ ఉండకూడదు. విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల పుస్తకాల్లో ఎడమ పుటలో ఇంగ్లీషు, కుడి పుటలో తెలుగు ఇచ్చి 2020-21 నుంచి కొంత ఆసరా కల్పించారు. ఇంగ్లీషు వాచకానికి అటువంటి కుడి పుట లేదు కాబట్టి ఆ పని ఉపాధ్యాయుడే చేయాలి, పిల్లలు కథ గురించి తెలుగులో మాట్లాడితే తప్పు పట్టకూడదు. పదిహేనేళ్ల పిల్లవాడికి చదవగలిగిన స్థాయి పుస్తకమిస్తే అది చిన్నపిల్లల పుస్తకమని సిగ్గుపడతాడు. అందరి పుస్తకాలకూ ఒకే రకం అట్ట వేయిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతుంది. స్థాయిని బట్టి ఎంచుకోవచ్చు కూడా.

పరీక్షల్లో మార్కులు తగ్గిపోతాయని తల్లిదండ్రులు భయపడతారు. పాఠ్యపుస్తకంలో లేని పేరా ఇచ్చి ప్రశ్నలడిగే చోట గైడు ఎవరికీ అక్కరకు రాదని, అక్కడ గట్టెక్కేది ఊరికే చదివే అలవాటున్న పిల్లలేనని వారికి మనవి చేస్తున్నాను. ఇంగ్లీషు కథలు చదివితే తెలుగు మరుగున పడుతుందన్న దిగులు మాత్రం ఈ గోదావరి గట్టున నిలవదు. కోరంగి, ధవళేశ్వరం బడుల్లో పనిచేసిన కందుకూరి వీరేశలింగం ఇంగ్లీషు రచయిత గోల్డ్‌స్మిత్ నవలను తెనిగించబోయి, అది మానుకుని, మన ఊళ్ల కథగా ‘రాజశేఖర చరిత్ర’ రాశారు. 1887లో అది ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. వందేళ్ల కిందట రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన కూల్డ్రే దొర ప్రోత్సహించిన శిష్యుల్లో దామెర్ల రామారావు చిత్రకారుడయ్యారు, అడివి బాపిరాజు తెలుగులో నవలలు రాశారు. సిలబస్ పూర్తిచేయడమే ఆ దొర తన పని అనుకుని ఉంటే ఆ శిష్యుల సంగతి ఏమయ్యేదో!

ఇక పుస్తకాల మాట. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. శాఖా గ్రంథాలయాలు ఉదయం, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. సరిగ్గా ఆ వేళల్లోనే పదో తరగతి పిల్లలు స్టడీ అవర్లో ఉంటారు. పిల్లలు గ్రంథాలయానికి వెళ్లలేనప్పుడు అక్కడి కథల పుస్తకాలనే నెలకొకసారి పెట్టెలో సర్ది ఊరి హైస్కూలుకు పంపడం జిల్లా గ్రంథాలయ సంస్థకు అసాధ్యమేమీ కాదు. 1935లోనే కృష్ణా డెల్టాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పంపిన జాతి మనది. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు కూడా మన గోదావరి సీమలోనిదే.

బడిలో ఉన్న పుస్తకాలు బీరువా దాటకపోవడానికి ఉపాధ్యాయుల బద్ధకాన్ని నిందించడం తేలిక. అసలు కారణం స్టాకు రిజిస్టరు. ఒక పుస్తకం పోయినా, నలిగి చినిగినా, బదిలీ నాడు చార్జి అప్పగించే సమయంలో దానికి జవాబు చెప్పుకోవలసింది ఆ రిజిస్టరులో సంతకం పెట్టిన ఉపాధ్యాయుడే కాబట్టి, కొత్త పుస్తకాలు కొత్తగానే పాతబడిపోతున్నాయి. పిల్లలు చదువుతూ చించిన, పోగొట్టిన పుస్తకాలను ఏటా కొంత మేరకు రిజిస్టరులోంచి తీసివేయవచ్చని, వాటి ఖరీదు ఎవరి దగ్గరా వసూలు చేయబోమని జిల్లా విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. అది అందిన రోజే బీరువా తాళం తీయించే ప్రధానోపాధ్యాయులు కోనసీమలో నాకు తెలిసినవారే చాలామంది ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
అమలాపురం