కొవ్వాడలంక చెరువుగట్టు మీద మమ్మల్ని ఆదుకున్నవాళ్లకి

మొన్న ఆదివారం మా నాన్నగారిని కైకలూరు దగ్గర కొవ్వాడలంక తీసుకెళ్లాను. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ కూలింది అక్కడే. మాది ఎదుర్లంక పక్క ఊరు. నాన్నగారు ఒకప్పుడు కొబ్బరికాయలు పంటు మీద గౌతమి దాటించి యానాం చేర్చేవారు. ఇప్పుడు అక్కడున్న వారధికి బాలయోగి గారి పేరే. "మన మనిషి పడిపోయిన చోటు ఒక్కసారి చూడాలిరా" అని ఏళ్ల తరబడి అంటున్నారు. మోకాళ్లు అరిగిపోతున్నాయి, ఇంక వాయిదా వెయ్యలేకపోయాను.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం, ఆకివీడు మీదుగా వెళ్లాం. ఆయన హెలికాప్టర్ బయల్దేరింది కూడా భీమవరం నుంచే. ఊరు చేరాక చెరువుగట్లే దారులు. ముందురోజు వానకి మట్టి జిగురులా ఉంది. కారు వెనక చక్రం చెరువు వైపు జారి దిగబడింది. ఇంకో జానెడు జరిగితే నీళ్లలోనే. నాన్నగారు లోపలే ఉన్నారు. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మేత సంచులు కడుతున్న ఇద్దరు కుర్రాళ్లు అది చూసి పడవ ఒడ్డుకి తెచ్చారు. ముందు నాన్నగారిని దింపి కాపలా పాక ముందు మంచం మీద కూర్చోబెట్టారు. ఒకావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఖాళీ సంచులు చక్రం కింద తొక్కి, తాడు కట్టి, ఇంకో నలుగుర్ని పిలిచి కారుని గట్టెక్కించారు.

మేమెందుకొచ్చామో తెలిశాక ఒక పెద్దాయన నాన్నగారిని తన బండి మీద మెల్లగా ఆ చోటికి తీసుకెళ్లారు. సరిగ్గా కనపడక పైలట్ చెరువుని నేలనుకుని దించబోయాడనీ, మళ్లీ పైకి లేపబోతే తోక కొబ్బరిచెట్టుకి తగిలిందనీ ఎప్పుడో చదివాను. అదే సంగతి ఆ నీళ్ల ఒడ్డున వింటుంటే గొంతు పట్టేసింది. నాన్నగారు చెప్పులు విప్పారు. మా పెరట్లో కోసుకొచ్చిన నందివర్ధనాలు మూడు దోసిళ్లు నీళ్లలో వదిలారు. పైలట్‌కీ, అంగరక్షకుడికీ కూడా అన్నమాట. ఆయన వంగిన మూడుసార్లూ ఆ పెద్దాయన చంక కింద చెయ్యేసి పట్టుకునే ఉన్నారు.

ఎవరూ పైసా పుచ్చుకోలేదు. ఆ కంగారులో పేర్లు కూడా అడగలేదు, క్షమించండి. మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు. తమ్ముళ్లూ, మీ తాడు మా డిక్కీలోనే ఉండిపోయింది. వచ్చే ఆదివారం తెస్తాను, మీ పాకకి ఒక గెల అరటిపళ్లు కూడా. నాన్నగారు కూడా వస్తానంటున్నారు.