దుబాయ్ కొట్టు సంగతి సరే, ముందు ఐకియా కథ విను

ఒరేయ్ మావా,

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. దుబాయ్‌లో స్టీలు సామాన్ల షోరూమ్ పెడదామని మీ బావ పట్టుబట్టి కూర్చున్నాడని, అక్కడ మనవాళ్లు బోలెడంత మంది ఉన్నారు కాబట్టి సరుకు దించితే చాలు, అదే పోతుందని అంటున్నాడని చెప్పావు. నువ్వు అడిగావు కాబట్టి మనసులో ఉన్నదంతా రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదువు.

పరాయి దేశంలో కొట్టు పెట్టాలనుకోగానే అందరూ అక్కడి జనం అలవాట్ల గురించే మాట్లాడతారు. అది అవసరమే, కాదనను. కానీ అలవాట్లు ఓపికుంటే తెలుసుకోగలిగినవి. నాలుగిళ్లు తిరిగి, వంటింట్లో కాసేపు నిలబడి చూస్తే సగం అర్థమైపోతాయి. చట్టం, సుంకం, ప్రభుత్వం మారడం, యుద్ధం, ఇవి అలా కాదు. వాటి గురించి ఎంత తెలుసుకున్నా మన చేతిలో ఉండవు. వాటికోసం టైమూ డబ్బూ పక్కన పెట్టుకోవాలి, అంతే. ఈ రెండో రకాన్ని మీ బావ అసలు లెక్కలోకే తీసుకోలేదని నా భయం.

మన కళ్లముందు జరిగిందే చూడు. స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా హైదరాబాద్ హైటెక్ సిటీలో పెట్టిన స్టోరు. 2018 ఆగస్టు 9న తెరిచారు, దేశంలో వాళ్ల మొదటి స్టోరు. ఆ రోజు జనం ఎగబడటం, ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోవడం నీకూ గుర్తుండే ఉంటుంది. అందరికీ ఆ ఒక్క రోజే గుర్తుంది కానీ, ఆ గేటు తెరుచుకోవడానికి ముందు ఎన్నేళ్లు పట్టిందో ఎవరూ చెప్పుకోరు. 2006లో మన ప్రభుత్వం సింగిల్ బ్రాండ్ షాపుల్లో, అంటే ఒకే బ్రాండు సరుకు అమ్మే కొట్లలో, విదేశీ కంపెనీలకు 51 శాతం వరకే వాటా ఇచ్చింది. పూర్తి వాటా తమదే అయితే తప్ప రామని ఐకియా వాళ్లు ఆగిపోయారు. 2012 జనవరిలో 100 శాతానికి ఒప్పుకున్నారు, కానీ సరుకులో 30 శాతం ఇక్కడి చిన్న పరిశ్రమల నుంచే కొనాలని మెలిక పెట్టారు. ఆ షరతు మీద మళ్లీ బేరాలు. 10,500 కోట్ల పెట్టుబడితో దరఖాస్తు పెడితే, మొదట కొన్ని రకాల వస్తువులు అమ్మకూడదన్నారు, స్టోర్లో తిండి కూడా పెట్టకూడదన్నారు. చివరికి 2013లో కేబినెట్ ఒప్పుకుంది. అప్పటి నుంచి స్థలం, కట్టడం, అనుమతులు అన్నీ అయ్యేసరికి ఇంకో ఐదేళ్లు. అప్పటికే వాళ్లు మన దేశం నుంచి ముప్పై ఏళ్లకు పైగా సరుకు కొంటున్నారురా! ఇక్కడి సప్లయర్లు తెలుసు, ఇక్కడి బట్ట తెలుసు, అయినా గుమ్మం దాటడానికి అంతకాలం పట్టింది.

అంత పెద్ద కంపెనీ కాబట్టి కాచుకుని కూర్చోగలిగింది. మీ బావకు అలా కూర్చునే స్తోమత ఉందా? అద్దె మొదలయ్యాక లైసెన్సు ఆరు నెలలు ఆలస్యమైతే ఏం చేస్తారో ముందు కాగితం మీద రాసి చూపించమను.

ఇక అలవాట్ల సంగతి. ఈ విషయంలో మాత్రం ఐకియా వాళ్లను మెచ్చుకోవాలి. స్టోరు తెరవకముందే దేశంలో దాదాపు వెయ్యి ఇళ్లు తిరిగి చూశారట. మన ఆడవాళ్ల ఎత్తుకు సరిపోయేలా వంటింటి అరలు, గట్లు కిందికి దించారు. పోపుల డబ్బా పెట్టారు, ఇడ్లీ పాత్ర పెట్టారు, అట్ల పెనం పెట్టారు. పరుపుల్లో కొబ్బరి పీచు వాడారు, ఎందుకంటే మెత్తగా దిగబడిపోయే పరుపు మీద మనకు నిద్ర పట్టదు. రెస్టారెంట్లో వెయ్యి సీట్లు, వాళ్ల దేశంలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి చేసే ఉండలను ఇక్కడ చికెన్‌తోనూ, కూరగాయలతోనూ చేశారు. తెరిచిన కొత్తలో పక్కనే 99 రూపాయలకు బిర్యానీ, పది రూపాయలకు సమోసా అమ్మారు. సామాన్లలో వెయ్యి రకాలు 200 రూపాయల లోపే దొరికేలా చూశారు. కొనేవాడు ఖాళీ చేతులతో వెళ్లకుండా ఏదో ఒకటి పట్టుకెళ్లేలా అన్నమాట.

అన్నిటికన్నా నాకు నచ్చింది బిగింపు పని విషయం. వాళ్ల పద్ధతి ప్రపంచమంతా ఒకటే. ముక్కలు పెట్టెలో ఇస్తారు, ఇంటికి తీసుకెళ్లి నువ్వే బిగించుకోవాలి, ధర తగ్గేదే అక్కడ. మన దగ్గర ఎవరైనా అలా కూర్చుని బీరువా బిగించుకుంటారా? వడ్రంగిని పిలుస్తాం. పిలిస్తే వస్తాడు, కూలి కూడా మరీ ఎక్కువ కాదు. అందుకని ఇక్కడ బిగించి పెట్టే మనుషుల్ని కంపెనీయే ఏర్పాటు చేసింది, బయటి వాళ్లతోనూ ఒప్పందం పెట్టుకుంది. అంటే వాళ్ల వ్యాపారానికి ప్రాణంలాంటి పద్ధతినే సడలించారు. మరి మీరు ఏది వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారో అది ఆలోచించండి. ఆవకాయ జాడీల పక్కన కాఫీ మేకర్లు పెట్టాల్సి వస్తే పెడతారా?

ఇంకో చిన్న విషయం చెప్తాను, ఇది మా ఇంట్లోదే. లోకల్‌గా కొన్న టీవీ స్టాండు ఒకటుంది, అడుగు పలక నేలకు ఆనుకునే ఉంటుంది. మా అమ్మ రోజూ బకెట్టు నీళ్లతో గచ్చు తుడుస్తుంది కదా, ఏడాది తిరగకుండానే ఆ పలక అంచులు పకోడీలా ఉబ్బి, పొర పొరగా లేచిపోయాయి. దాన్ని చేసినవాడు ఇక్కడివాడే, అయినా గచ్చు ఎలా తుడుస్తారో ఆలోచించలేదు. అందుకే అంటున్నాను, మనవాళ్లకు మన సంగతి ఎలాగూ తెలుసు అనుకోవద్దు.

ఐకియా కూడా అన్నిచోట్లా ఒడ్డున పడలేదు. 1974లో జపాన్ వెళ్లి 1986లో మూటాముల్లె సర్దుకుంది. చిన్న చిన్న ఇళ్లు, సొంతంగా బిగించుకోవడం అలవాటు లేని జనం. మళ్లీ 2006లో అక్కడి గదుల కొలతలకు తగ్గట్టు తయారై వెళ్లింది, ఈసారి నిలబడింది. అమెరికాలో 1985లో మొదలుపెట్టినప్పుడు జనం ఫ్లవర్ వాజులు తెగ కొంటుంటే ఎందుకా అని చూస్తే, గ్లాసులు మరీ చిన్నగా ఉన్నాయని వాటితో నీళ్లు తాగుతున్నారట. ఇలాంటివి సర్దుకోవచ్చు.

రష్యా మాత్రం వేరు. 2000లో మాస్కో దగ్గర మొదటి స్టోరు. కరెంటు కనెక్షన్ కోసం లంచం ఇవ్వకుండా డీజిల్ జనరేటర్లు అద్దెకు తెచ్చుకుని నడిపారు. 2010లో ఒక కాంట్రాక్టరు లంచం ఇస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నారని ఇద్దరు పెద్ద అధికార్లను కంపెనీయే తీసేసింది. అన్ని తిప్పలు పడి 17 స్టోర్లు పెట్టి, దాదాపు 15,000 మందికి పని ఇచ్చి, 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా అన్నీ ఆపేయాల్సి వచ్చింది. అక్కడి జనానికి ఆ సామాన్లు నచ్చలేదా అంటే, మూసే ముందు రోజు కూడా క్యూలు కట్టారు. ఆ పనివాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, వాళ్ల తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

అలవాట్లు, చట్టం రెండు వైపులా దెబ్బతిన్నది చూడాలంటే జర్మనీలో వాల్‌మార్ట్. 1997లో వెళ్లారు, 2006లో 85 స్టోర్లనూ మెట్రో కంపెనీకి అమ్మేసి వచ్చేశారు. గుమ్మం దగ్గర నిలబడి పలకరించేవాళ్లను, బిల్లు దగ్గర సంచిలో సామాన్లు సర్దేవాళ్లను పెడితే అక్కడివాళ్లకు ఇబ్బందిగా అనిపించింది. పనివాళ్ల మధ్య ప్రేమ వ్యవహారాల మీద నిబంధన పెడితే కోర్టు చెల్లదంది. ధరలు మరీ తగ్గించి పాలూ పిండీ అమ్మితే, కొన్న ధర కన్నా తక్కువకు అమ్మడం కుదరదని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2000లో ధరలు పెంచమంది. ఆదివారం కొట్టు తెరవడానికే వీల్లేదు. చవకగా అమ్మడం, ఎప్పుడూ తెరిచి ఉంచడం, ఈ రెండే వాళ్ల బలం. రెంటికీ చట్టం అడ్డం. జర్మన్ల మనసు తెలియకపోవడం ఒక తప్పు, కానీ ఆ చట్టాలు పుస్తకంలో ఉన్నవే కదా, ముందే చదువుకోవాల్సింది.

ఇక నీ దుబాయ్. అక్కడ కొన్ని మంచి మార్పులే వచ్చాయి. ఇదివరకు ఫ్రీజోన్ (విదేశీయులు పూర్తి వాటాతో కంపెనీ పెట్టుకోగల ప్రత్యేక ప్రాంతం) బయట కొట్టు పెట్టాలంటే 51 శాతం అక్కడి పౌరుడి పేరు మీద ఉండాల్సిందే. 2021 నుంచి చాలా వ్యాపారాలకు ఆ నిబంధన తీసేశారు. మీ బావ ఇంకా అలా పేరు వాడుకోనిచ్చే ఎవరో స్పాన్సర్‌కి డబ్బులిస్తానంటున్నాడు చూడు, అది ఎందుకో గట్టిగా అడుగు. 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, ధరల పట్టికలో అది కలిపాడో లేదో చూడు. 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసుల సెలవులు శని, ఆదివారాలకు మారాయి, శుక్రవారం సగం రోజు పని. రంజాన్ నెలలో పగలు బేరం పడిపోయి రాత్రిళ్లు లేస్తుంది, పనివాళ్ల షిఫ్టులు దాన్నిబట్టి మార్చుకోవాలి.

అక్కడ మనవాళ్లంటే అందరూ ఒకటి కాదు కూడా. కరామా, బర్ దుబాయ్ వైపు ఫ్లాట్లలో కాపురాలున్న వాళ్లు వేరు, నిజామాబాద్, కరీంనగర్, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి క్యాంపుల్లో పదిమందితో ఒకే వంటగది పంచుకునే వాళ్లు వేరు. వీళ్లకు పెద్ద గుండిగ కావాలి, అదీ అందరూ కలిసి ఒక్కటే కొంటారు. వాళ్లకు ఇండక్షన్ మీద పెట్టే చిన్న గిన్నెలు కావాలి, కొన్ని ఫ్లాట్లలో గ్యాసే ఉండదు. మీ విజయవాడ కొట్లో బాగా పోయే మందపాటి అల్యూమినియం సరుకు ఇండక్షన్ మీద వేడే ఎక్కదు. ఈ ఒక్క విషయం చూసుకోకుండా కంటైనర్ పంపితే అది గోడౌన్‌లోనే మగ్గుతుంది.

ఇంకొకటి. ఎంతవరకు ఒదగాలో కూడా ముందే అనుకోండి. 2012లో సౌదీ కోసం వేసిన కేటలాగ్‌లో ఆడవాళ్ల బొమ్మలన్నీ చెరిపేసి ఐకియా వాళ్లు స్వీడన్‌లో తిట్లు తిన్నారు, తర్వాత పొరపాటైందని ఒప్పుకున్నారు. ఎవరూ అడక్కపోయినా మనమే భయపడి వంగిపోకూడదు. మీ అక్కే కౌంటర్లో కూర్చోవాలనుకుంటే కూర్చోనివ్వండి, దుబాయ్‌లో దానికేమీ అడ్డు లేదు.

నా మాట వింటావా? కంటైనర్ బుక్ చేయకముందు మీ బావను ఒక నెల అక్కడే ఉండమను, హోటల్లో కాదు, తెలిసినవాళ్ల ఫ్లాట్లో. పొద్దున వంటయ్యేటప్పుడు వంటింట్లో ఉండమను. లైసెన్సు కోటేషను, అద్దె అగ్రిమెంటు డ్రాఫ్టు, సుంకాల లెక్క నాకు వాట్సాప్ చెయ్యి. కస్టమ్స్ పని తెలిసిన కొలీగ్ ఒకామె ఉంది, ఆవిడకు చూపిస్తాను. అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు. ఆదివారం మధ్యాహ్నం తిన్నాక ఫోన్ చెయ్యి, తీరిగ్గా మాట్లాడదాం.

నీ
మావ