అడగడం నేర్పిస్తున్నాను, పంతులూ

హైదరాబాదు

ఒరే పంతులూ,

నీ ఉత్తరం అందింది. మీ కాలేజీ ఇంటర్ పిల్లలకు మొదటి ఉద్యోగం గురించి ఏం చెప్పాలో రాయమన్నావు. నేను రిటైరై ఖాళీగా ఉండటం నీ కళ్ళు చూడలేకపోతున్నట్టున్నాయి! సరే, చదువు. మధ్యలో నిద్రపోకు.

ఇక్కడ మూసాపేట వైపు ఒక జూనియర్ కాలేజీకి శనివారాలు వెళుతున్నాను. మొదట్లో అందరూ ఒకటే సలహా ఇచ్చారు: ఇంగ్లీషు నేర్పించండి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పించండి అని. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడ కనబడకుండా బోర్డులు కట్టి అమ్ముతున్నది అదే కదా, మళ్ళీ నేనెందుకు? బాలానగర్ ఫ్యాక్టరీలో పర్సనెల్ శాఖలో కూర్చుని ఏళ్ళ తరబడి మనుషుల్ని చేర్చుకున్నవాణ్ణి. ఇంగ్లీషు రాక నష్టపోయిన కుర్రాళ్ళకంటే, అడగవలసింది అడగక నష్టపోయినవాళ్ళనే ఎక్కువ చూశాను. ఇన్నేళ్ళూ బడిలో నోరు మూసుకుని కూర్చోమని చెప్పి (నువ్వూ తక్కువ చెప్పలేదులే), ఉన్నట్టుండి ధైర్యంగా మాట్లాడమంటే ఎక్కడినుంచి వస్తుంది?

అందుకని ఒక ఆట పెట్టాను. ఒకరు యజమాని కుర్చీలో కూర్చుంటారు, ఇంకొకరు ఉద్యోగానికి వస్తారు. ప్రశ్నలు అడగవలసింది వచ్చినవాళ్ళే. జీతం ఎంత, ఏ తేదీకి ఇస్తారు, బ్యాంకులో వేస్తారా చేతికిస్తారా, వారంలో ఏ రోజు సెలవు, చేర్చుకునేది ఉద్యోగిగానా అప్రెంటిస్‌గానా? ఈ చివరి ప్రశ్న ఒక్కరికీ తట్టదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరితే వచ్చేది స్టైపెండు, నేర్చుకునేవాడిగానే లెక్క. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండవు. అందులో తప్పేమీ లేదు, మంచి పని నేర్పే చోటైతే నేనే చేరమంటాను. కానీ తెలిసి చేరాలి కదా.

తరగతి నిజంగా మేలుకున్నది మాత్రం జీతం చీటీ రోజున. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 12,000 అని బోర్డు మీద రాసి, చేతికి ఎంత వస్తుందని అడిగాను. పన్నెండు వేలే అన్నారు ముక్తకంఠంతో. పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ 0.75 శాతం, 90. మిగిలింది 10,470. “మోసం సార్!” అని వెనక బెంచీనుంచి ఒకడు లేచాడు. వాడికి కోపం వచ్చినందుకు నాకెంత సంతోషమో! అప్పుడు రెండో సగం చెప్పాను. యజమాని కూడా మరో 12 శాతం కట్టాలి, అందులో 8.33 శాతం పింఛనుకు పోతుంది. ఈఎస్ఐకి అతని వాటా 3.25 శాతం, జీతం 21,000 దాటనివాళ్ళకు ఆ కోత మీదే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం. కాబట్టి కోత మోసం కాదు, కోసిన డబ్బు ఖాతాలో పడకపోతే మోసం. ప్రభుత్వం వాళ్ళ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఎవరికి వారే చూసుకోవచ్చన్నాక ఆ వెనక బెంచీవాడు కూర్చున్నాడు. ఈ లెక్క ఇంట్లో కూడా ముందే చెప్పమన్నాను, లేకపోతే మొదటి నెలే తల్లి దగ్గర దొంగ అవుతాడు.

బయోడేటాల సంగతి చెబితే నవ్వుతావు. అందరి అభిరుచీ పాటలు వినడమే, అందరి ఆశయమూ నెట్ సెంటర్‌వాడు కొట్టిచ్చిందే. ఒక అబ్బాయి అనుభవం దగ్గర ‘ఏమీ లేదు’ అని రాశాడు. కదిపి చూస్తే, ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్‌కు వెళతాడట. బంతి వెనక బంతి వడ్డిస్తూ, పప్పు అందలేదని అరిచే పెళ్ళివారిని సముదాయిస్తూ అర్ధరాత్రిదాకా నిలబడ్డవాడికి అనుభవం లేదా? రాయడానికి సిగ్గుపడ్డాడు. రాయించాను.

కాగితాల విషయంలో నువ్వు ఇప్పుడే మొదలుపెట్టు, ఇది ఆఖరి నిమిషంలో అయ్యే పని కాదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరం ఉంటుంది. కొందరికి పుట్టిన తేదీ కూడా కలవదు. పీఎఫ్ ఖాతాకు ఆధార్ జోడించేటప్పుడు పని సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. యూఏఎన్ అనే 12 అంకెల పీఎఫ్ నంబరు జీవితాంతం ఒక్కటేనని, ఉద్యోగం మారినా అదే చెప్పాలని గట్టిగా చెప్పు. ఇంకొకటి, అసలు మెమో ఎవరి దగ్గరా వదిలి రాకూడదు. చూపించాలి, జిరాక్సు ఇవ్వాలి, వెనక్కి తెచ్చుకోవాలి. ఉద్యోగం ఇవ్వడానికి ముందే డిపాజిట్టు కట్టమనేవాడికి దండం పెట్టి లేచి రావాలి.

మీవాళ్ళలో చాలామందికి 18 నిండి ఉండవు కదా, ప్రమాదకరమైన పనుల్లో వాళ్ళను పెట్టుకోకూడదని చట్టం ఉంది. తల్లిదండ్రులకు కూడా ఆ మాట చెప్పు.

వచ్చే నెల ఎలాగూ వస్తానన్నావు, శనివారానికే రా. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే మూసాపేటలో దిగవచ్చు. నిన్ను యజమాని కుర్చీలో కూర్చోబెడతాను. నీ గొంతుకు ఎదురు నిలిచి జీతం తేదీ అడిగినవాడు ఈ ఊళ్ళో ఎక్కడైనా అడగగలడు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
పాత బెంచీమేటు